తెరిచిన దస్త్రాలు – వెదికే కళ్ళు



చరిత్ర వ్యాసమనగానే రాజుల వంశావళి, యుద్ధాలు, కోటలు మనసులో మెదలడం సహజం. ఈ ప్రత్యేక సంచిక కొరకు నేను ఎన్నుకున్నది వేరొక చరిత్ర. కంప్యూటర్లను నడిపించే వ్రాతలలో కావలసిన మాటను, దాగిన తప్పును వెదకి పట్టుకునే విద్య ఎప్పుడు పుట్టింది, ఎలా పెరిగింది, ఎక్కడెక్కడ విఫలమైంది అన్నదే ఆ చరిత్ర. ఇది పిల్లల వ్యవహారం, మనకెందుకని పుట తిప్పవద్దని మనవి. నెలనెలా మన పింఛను ఖాతాలో జమ అయ్యేది, 2014 నవంబరు 10న ప్రారంభమైన జీవన్ ప్రమాణ్ పద్ధతిలో వేలిముద్ర వేసి మనం బ్రతికే ఉన్నామని ఋజువు చేసుకునేది, దూరాన ఉన్న కొడుకు ఫోనులో డబ్బు పంపేది, అన్నీ ఈ వ్రాతల మీదనే ఆధారపడి నడుస్తున్నాయి.

నేను ముప్పై ఏండ్లకు పైగా దస్త్రాల మధ్య గడిపిన గుమాస్తాను. కంప్యూటరు భాషలో ఒక్క వాక్యం కూడా వ్రాయలేను. అయితే రికార్డు ఉండటం వేరు, రికార్డు దొరకడం వేరు అన్న సంగతి బస్తాలు మోసిన మన తరానికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ఆ ఒక్క అనుభవాన్ని చేతబట్టుకొని ఈ చరిత్రను చదివాను. అర్థమైనంత వరకు మీ ముందుంచుతున్నాను.

ముందుగా కొన్ని మాటల అర్థం

కంప్యూటరు ఏ పనిని ఏ వరుసలో చేయాలో మనిషి చదవగలిగే భాషలో వ్రాసిన ఆదేశాలను సోర్స్ కోడ్ అంటారు. దానిని మనం మూలప్రతి అందాము. ప్రతివారూ ప్రతి పనిని మొదటి నుండి వ్రాసుకోనక్కరలేకుండా, ఒకరు వ్రాసిపెట్టినదానిని వేలమంది తమ పనిలో కలుపుకుంటారు. అటువంటి ఉమ్మడి భాగాలను లైబ్రరీలు అంటారు. మన ఆఫీసులలోని అచ్చు ఫారములను జ్ఞాపకం చేసుకోండి. ఒకచోట తయారైన ఫారమును వేయి ఆఫీసులు వాడేవి. అందులో ఒక గడి తప్పుగా అచ్చయితే వేయి ఆఫీసులలోనూ అదే తప్పు. లైబ్రరీల సంగతీ అంతే.

ఒక యంత్రం మరొక యంత్రంతో మాట్లాడటానికి ఉపయోగపడేవి నెట్‌వర్కింగ్ లైబ్రరీలు. సమాచారాన్ని కుదించడం, సరిపోల్చడం, నమోదు చేయడం వంటి చిల్లర పనులు చేసిపెట్టేవి యుటిలిటీలు. 1995లో వెలువడిన జెడ్‌లిబ్ కుదింపు పని చేస్తుంది. 1998లో స్వీడన్ దేశస్థుడు డేనియల్ స్టెన్‌బర్గ్ విడుదల చేసిన కర్ల్ సమాచారాన్ని తెచ్చిపెడుతుంది. అదే సంవత్సరం మొదలైన ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. ఆ సమాచారానికి తాళం వేస్తుంది. వీటి మూలప్రతులు బహిరంగంగానే ఉంటాయి. ఎవరైనా చదవవచ్చు, వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి శ్రీకారం చుట్టారు. ఓపెన్ సోర్స్ అనే పేరు 1998లో వాడుకలోకి వచ్చింది.

ఒక రాత్రిలో వెలికి వచ్చిన సాధనం

అమెరికాలోని బెల్ లేబరేటరీస్‌లో 1969లో యూనిక్స్ అనే వ్యవస్థ పుట్టింది. దానిని నిర్మించిన వారిలో కెన్ థాంప్సన్ ముఖ్యులు. అక్కడే పనిచేసే లీ మెక్‌మహన్ అనే శాస్త్రజ్ఞునికి ఒక చిక్కు వచ్చింది. అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ 1787, 1788లలో వెలువడిన 85 వ్యాసాల సంపుటి ఒకటుంది. వాటిలో కొన్నిటి కర్త ఎవరన్న వివాదం చాలాకాలంగా ఉంది. ఎవరు ఏ మాటను ఎన్నిసార్లు, ఎలా వాడారో చూస్తే కర్తను గుర్తించవచ్చునని మెక్‌మహన్ ఆలోచన. కాని ఆనాటి యంత్రంలో వ్రాతలు దిద్దే ఉపకరణం అంత పెద్ద పాఠాన్ని ఒక్కసారిగా మోయలేకపోయింది. థాంప్సన్ ఆ ఉపకరణంలోని వెదికే భాగాన్ని మాత్రం విడదీసి, రాత్రికి రాత్రి ప్రత్యేక సాధనంగా చేసి ఇచ్చారు. దాని పేరు గ్రెప్. ‘పాఠమంతటా ఈ నమూనాను వెదకి, దొరికిన పంక్తులను ముద్రించు’ అనే ఆజ్ఞకు అది సంక్షిప్త రూపం. 1973 నాటికే అది యూనిక్స్‌లో చేరిపోయింది.

ఇటువంటి అవసరం మన భాషా పండితులకూ ఉండేది. నన్నయగారు ఏ మాటను ఏ పద్యంలో ప్రయోగించారో చూపే పదప్రయోగ కోశాన్ని పండితులు ఎంతో శ్రమకోర్చి సిద్ధం చేశారు. మాటకు చీటీ వ్రాసి, చీటీలను అకారాదిగా పేర్చి చేసే పనిని గ్రెప్ క్షణాలలో చేసిపెట్టసాగింది. సాహిత్యపు చిక్కు విప్పడానికి బయటికి వచ్చిన ఈ సాధనమే ఈనాటికీ కంప్యూటరు పనివారి చేతిలో సుత్తి, ఉలి వలె ఉంది.

ఫైలు వెంట ఫైలు

రెండవ ఘట్టం కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో జరిగింది. గుమాస్తాలుగా మనకు ఎక్కువ నచ్చే ఘట్టమిది.

యూనిక్స్ మీద హక్కు ఎ.టి. అండ్ టి. కంపెనీది. దానికి బర్కిలీ వారు ఎన్నో చేర్పులు చేశారు. ముఖ్యంగా యంత్రాలను కలిపే నెట్‌వర్కింగ్ భాగం వారి స్వంతం. కంపెనీకి రుసుము కట్టకుండా ఆ భాగం మట్టుకు కావాలని చాలామంది అడగగా, 1989 జూన్‌లో దానిని విడిగా, వెయ్యి డాలర్లకు ఒక టేపు చొప్పున ఇచ్చారు. తీసుకున్నవారు మరెవరికైనా పంచుకోవచ్చునని అనుమతి కూడా ఇచ్చారు. అప్పుడు కీత్ బోస్టిక్ అనే ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. మిగిలిన యుటిలిటీలను కూడా కంపెనీ మూలప్రతి చూడకుండా, ప్రచురితమైన వర్ణనలను మాత్రమే ఆధారంగా చేసుకొని కొత్తగా వ్రాయమని దేశవిదేశాలలోని ఔత్సాహికులను కోరారు. ప్రతిఫలం ఏమిటంటే, వ్రాసినవారి జాబితాలో వారి పేరు. అంతే! ఏడాదిన్నరలో ముఖ్యమైన యుటిలిటీలు, లైబ్రరీలు దాదాపు అన్నీ సిద్ధమైనాయి.

ఆ తరువాత బోస్టిక్, మైక్ కారెల్స్, కిర్క్ మెక్‌కూసిక్ అనే ముగ్గురూ నెలల తరబడి కూర్చొని మొత్తం సంపుటాన్ని ఫైలు వెంట ఫైలు తెరచి పరిశీలించారు. పరాయి సొమ్ము ఉన్న పంక్తులను తొలగించారు. చివరకు ఆరు ఫైళ్ళు మాత్రం వారు వెంటనే తిరగవ్రాయలేనివిగా మిగిలాయి. ఆ ఆరింటిని తీసివేసి 1991 జూన్‌లో రెండవ సంపుటాన్ని విడుదల చేశారు.

కంపెనీ పక్షం ఊరుకోలేదు. 1992లో దావా వేసింది. 1994 జనవరిలో రాజీ కుదిరింది. సుమారు 18,000 ఫైళ్ళలో తొలగించవలసి వచ్చినవి కేవలం మూడు. మరికొన్నిటిలో చిన్న మార్పులు, దాదాపు 70 ఫైళ్ళకు కంపెనీ హక్కు ప్రకటన చేర్చడంతో వివాదం ముగిసింది. ముగ్గురి ఓపికకు ఇంతకంటె యోగ్యతాపత్రం ఏముంటుంది? స్వేచ్ఛగా లభించే నెట్‌వర్కింగ్ మూలప్రతి లోకానికి దక్కడానికి వెనుక ఇంత వెదుకులాట ఉన్నదన్నది గమనార్హం.

అమీర్‌పేట నుండి తేదీల వేటకు

ఇక మన తెలుగువారి ఘట్టానికి వద్దాము. జాగా ఖరీదైన రోజులలో వ్రాసిన కంప్యూటరు లెక్కలలో సంవత్సరానికి చివరి రెండు అంకెలే వేసేవారు. 2000 వస్తే అది 00 అవుతుంది. యంత్రం దానిని 1900 అనుకుంటే వడ్డీలు, బీమాలు, పింఛన్లు తలక్రిందులు. అందుచేత 1990ల చివరి సంవత్సరాలలో అమెరికా, ఐరోపా దేశాల బ్యాంకులు, బీమా సంస్థలు తమ పాత మూలప్రతులను వెదికించి దిద్దించవలసి వచ్చింది. ఆ మూలప్రతులు బహిరంగమైనవి కావు. కంపెనీల బీరువాలలో భద్రంగా ఉన్నవి. చాలావరకు కోబాల్ అనే పాత భాషలో ఉన్నవి. 1987లో హైదరాబాదులో స్థాపించబడిన సత్యం కంప్యూటర్స్ వంటి సంస్థలకు అది పెద్ద అవకాశమైంది. అమీర్‌పేటలోని శిక్షణా కేంద్రాలు కిటకిటలాడాయి. 1998లో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైంది కూడా ఆ ఊపులోనే. మన బొగ్గుబావుల ప్రాంతం నుండి సైతం ఎందరో పిల్లలు పెట్టె సర్దుకొని ఆ దారిన వెళ్ళారు.

చూడటానికి సులువుగా తోచే పనే. ‘తేదీ’ అన్న మాటను వెదికితే సరిపోతుంది కదా! కాని వ్రాసినవారు అన్నిచోట్లా తేదీని తేదీ అనలేదు. ఒకరు రెండక్షరాల పొడి పేరు పెట్టారు, మరొకరు తమకు తోచిన పేరేదో పెట్టారు. ఒకచోట తేదీగా ఉన్న అంకె మరొకచోటికి వెళ్ళి వేరే పేరుతో తిరుగుతుంది. కనుక పేరును వెదికితే చాలదు, విలువ ఎక్కడి నుండి ఎక్కడికి పోతున్నదో వెంబడించాలి.

మనలో ఎందరికో ఇదే బాధ వేరొక రూపంలో అనుభవమే. సర్వీసు పుస్తకంలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనుక, బ్యాంకు పుస్తకంలో పొడి అక్షరాలు. మనిషి ఒకడే, పేర్లు మూడు. యంత్రం అడిగిన అక్షరాలనే వెదుకుతుంది. అడగని దానిని చూపదు. 1998 నాటి బొగ్గుగనుల పింఛను పథకంలో ఉన్నవారైనా, ప్రభుత్వ పింఛనుదారులైనా ఈ సూత్రాన్ని మనసులో ఉంచుకోవాలి.

మూడేసి అక్షరాల సూచిక

గ్రెప్ మొదటి పంక్తి నుండి చివరి పంక్తి వరకు చదువుకుంటూ పోతుంది. ఒక గదిలో దస్త్రాలకు అది చాలు. లోకంలోని బహిరంగ మూలప్రతులన్నింటిలో వెదకాలంటే చాలదు. రికార్డు రూములో ఇండెక్సు రిజిష్టరు ఎందుకు పెడతామో ఇక్కడా అందుకే సూచిక కావలసివచ్చింది.

2006లో గూగుల్ సంస్థ కోడ్ సెర్చ్ అనే సదుపాయాన్ని ప్రారంభించింది. దాని లోగుట్టును నిర్మాతలలో ఒకరైన రస్ కాక్స్ తరువాత వివరించారు. ప్రతి పాఠాన్ని మూడేసి అక్షరాల తునకలుగా చేసి, ఏ తునక ఏయే ఫైళ్ళలో ఉన్నదో ముందే జాబితా వ్రాసి పెట్టుకుంటారు. ఉదాహరణకు ‘సింగరేణి’ అని అడిగితే, ‘సింగరే’ ఉన్న ఫైళ్ళ జాబితా ఒకటి, ‘గరేణి’ ఉన్న ఫైళ్ళ జాబితా మరొకటి తీస్తారు. రెండింటిలోనూ ఉన్న ఫైళ్ళను మాత్రమే తెరచి చూస్తారు. కోటి ఫైళ్ళ పని పది ఫైళ్ళకు దిగుతుంది.

ఆ సదుపాయాన్ని 2012 జనవరిలో మూసివేశారు. అదే సంవత్సరం జర్మనీకి చెందిన మైకేల్ స్టాపెల్‌బర్గ్, డెబియన్ అనే స్వేచ్ఛా వ్యవస్థలోని మూలప్రతులన్నింటిలో వెదికే సాధనాన్ని అదే పద్ధతిపై నిర్మించి అందరికీ ఇచ్చారు. 2008లో మొదలైన గిట్‌హబ్ బహిరంగ మూలప్రతులకు పెద్ద భాండాగారమైంది. దానిని 750 కోట్ల డాలర్లకు కొంటున్నట్లు 2018 జూన్‌లో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఆనాడు ఆ సంస్థకు అధిపతి మన హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ళ. మన రాష్ట్రంలో ఐ.ఏ.ఎస్. అధికారిగా పేరు పొందిన బి.ఎన్. యుగంధర్ గారి కుమారుడు. 2023లో ఆ భాండాగారానికి కొత్త వెదుకులాట సాధనం అమరింది.

తెరిచి ఉన్నా ఎవరూ చదవని పుట

ఇన్ని సాధనాలున్నాయి గదా, తప్పులు దాగవనుకోవడం సహజం. 2014 ఏప్రిల్ 7న ఆ నమ్మకానికి గట్టి దెబ్బ తగిలింది.

తాళం వేసే లైబ్రరీ అని పైన చెప్పిన ఓపెన్ ఎస్.ఎస్.ఎల్.లో ‘గుండెచప్పుడు’ అనే ఏర్పాటు ఉంది. మన జీవన ప్రమాణ పత్రం వంటిదే. ‘నీవు ఉన్నావా? ఉంటే నేను పంపిన ఈ మాటను తిరిగి పంపు, దాని పొడవు ఇన్ని అక్షరాలు’ అని ఒక యంత్రం అడుగుతుంది. రెండవ యంత్రం ఆ మాటను తిరిగి పంపుతుంది. లోపం ఎక్కడంటే, చెప్పిన పొడవు నిజమా కాదా అని సరిచూడలేదు. ఒక అక్షరం పంపి, 64 వేల అక్షరాలని చెబితే, ఆ ఒక్క అక్షరంతో పాటు పక్కన జ్ఞాపకంలో ఏమున్నా కలిపి ఇచ్చేసేది. అందులో రహస్య సంకేతాలు, తాళపు చెవులు కూడా ఉండవచ్చు. వోచరు మీద వేసిన మొత్తాన్ని రశీదులతో సరిచూడకుండా చెల్లించినట్లన్నమాట.

2012 మార్చిలో విడుదలైన ప్రతి నుండి రెండేళ్ళకు పైగా ఆ పంక్తులు అందరి కళ్ళ ముందే ఉన్నాయి. చివరకు గూగుల్‌లోని నీల్ మెహతా, ఫిన్లాండుకు చెందిన కోడెనోమికాన్ సంస్థ వారు ఎవరికి వారుగా దానిని కనుగొన్నారు. దిద్దుబాటు చిన్నదే. పొడవు సరిచూసుకోవడం.

ఆ తరువాత బయటపడిన సంగతి మరింత ఆలోచింపజేస్తుంది. లోకంలోని వ్యాపార సంస్థలెన్నో నమ్ముకున్న ఆ లైబ్రరీకి ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లే. పూర్తికాలం పనిచేసేవారు ఒక్కరు. ఊరందరి బావి, పూడిక తీసేవారు లేరు! ఆ సంఘటన తరువాతనే పెద్ద సంస్థలు చేరి ఇటువంటి ఉమ్మడి పనులకు నిధి ఏర్పాటు చేశాయి.

‘జ్ఞా’ అన్న అక్షరం

తెరిచిన దస్త్రంలోనే ఇలా జరిగితే, మూసిన దస్త్రం మేలు కదా అని ఎవరైనా అనవచ్చు. దానికి జవాబు మన తెలుగు అక్షరమే ఇచ్చింది.

2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న అక్షరం ఉన్న సందేశం వస్తే ఐఫోనులలో సందేశాల అనువర్తనాలు కూలిపోసాగాయి. జకారం, ఞకారం, గుణింతం, వాటి నడుమ కంటికి కనబడని ఒక గుర్తు కలిసిన ప్రత్యేక వరుస అది. అక్షరాలను కూర్చి తెర మీద చూపే ఆ కంపెనీ లైబ్రరీ దానిని పేర్చలేక చతికిలబడింది. జ్ఞానంలోని మొదటి అక్షరం యంత్రానికి కొరుకుడు పడకపోవడం విచిత్రమే! ఆ లైబ్రరీ మూలప్రతి బయటివారికి చూసే వీలు లేనిది. పదికోట్లకు చేరువగా ఉన్న తెలుగువారిలో ఎంత నిపుణులైనా బయట నిలబడి ఊహించడం తప్ప, లోపలికి తొంగిచూసి తప్పును వేలుపెట్టి చూపలేరు. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 అనే సవరణ వచ్చేదాకా వేచి ఉండవలసి వచ్చింది.

అక్షరాలను కూర్చే పనికే హార్ఫ్‌బజ్ అనే బహిరంగ లైబ్రరీ ఉంది. ఆండ్రాయిడ్ ఫోనులలోనూ, ఫైర్‌ఫాక్స్‌లోనూ, లిబ్రే ఆఫీసులోనూ అదే పనిచేస్తుంది. భారతీయ లిపుల భాగాన్ని విడిగా తెరచి చూడవచ్చు. మన ఒత్తులు, గుణింతాలు తెలిసిన తెలుగు విద్యార్థి ఎవరైనా తప్పు కనబడితే ఎత్తి చూపవచ్చు. హైదరాబాదులోని స్వేచ్ఛ వంటి సంస్థలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తేవాలని పూనుకోవడానికి కారణం కూడా ఇదే. మన అక్షరం మన చేతిలో ఉండాలన్న పట్టుదల.

ఎక్కడెక్కడ ఉన్నది?

2021 డిసెంబరు నెల కంప్యూటరు పనివారికి నిద్ర లేని నెల. లాగ్‌ఫోర్‌జె అనే చిన్న యుటిలిటీ లైబ్రరీ చేసే పని, జరిగిన ప్రతి సంగతిని వరుసగా నమోదు చేయడం. అచ్చంగా మన ఇన్‌వార్డు రిజిష్టరు. 2013లో చేర్చిన ఒక సదుపాయం వల్ల, నమోదు చేస్తున్న పంక్తిలో ప్రత్యేకమైన ఆజ్ఞ ఏదైనా ఉంటే ఆ లైబ్రరీ దానిని పాటించేది. వచ్చిన ఉత్తరాన్ని రిజిష్టరులో ఎక్కించవలసిన గుమాస్తా, ఆ ఉత్తరంలో ‘ఖజానా తలుపు తీయుము’ అని ఉంటే లేచి వెళ్ళి తీసినట్లు! చైనాలోని అలీబాబా సంస్థలో పనిచేసే ఛెన్ ఝావోజున్ నవంబరు 24న నిర్వాహకులకు తెలియజేశారు. డిసెంబరు రెండవ వారంలో లోకమంతటికీ తెలిసింది.

సవరణ త్వరగానే వచ్చింది. అసలు ప్రశ్న వేరు. ‘మన దగ్గర ఇది ఎక్కడెక్కడ ఉంది?’ దానికి చాలా సంస్థల వద్ద జవాబు లేదు. తాము కొన్న సాఫ్ట్‌వేర్‌లో ఒక లైబ్రరీ, దానిలో మరొకటి, దాని లోపల మూటగట్టి ఇది. మూటలు విప్పకుండా పైపైన వెదికితే దొరకదు.

మన గనుల్లో పనిచేసి వచ్చిన మిత్రులకు దీని విలువ విడమరచి చెప్పనక్కరలేదు. ల్యాంపు రూములో ప్రతి దీపానికీ ఒక నంబరు. షిఫ్టు దిగాక తిరిగిరాని నంబరును బట్టి లోపల ఎవరున్నారో తెలుస్తుంది. అట్లే పాత వర్కింగుల ప్లాను. ఎక్కడ తవ్వి వదిలారో, ఎక్కడ నీరు నిలిచిందో కాగితం మీద ఉండాలి. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు చొరబడి 17 మంది కార్మికులు మరణించిన రోజును ఈ ప్రాంతం మరువలేదు. ప్రాణాలతో దేనినీ పోల్చరాదు. అయితే లోపల ఏమున్నదో ముందే వ్రాసి ఉంచుకోవాలన్న సూత్రం గనికైనా యంత్రానికైనా ఒకటే.

2021 మే నెలలోనే అమెరికా ప్రభుత్వం, తనకు అమ్మే సాఫ్ట్‌వేర్‌లో ఏయే భాగాలున్నాయో జాబితా ఇచ్చే పద్ధతికి ఆదేశం జారీ చేసింది. మన దేశంలో సెర్ట్-ఇన్ సంస్థ 2024లో అటువంటి జాబితాలపై మార్గదర్శకాలు వెలువరించింది. ఛార్జి అప్పగించేటప్పుడు మనం వ్రాసే వస్తువుల పట్టికకు ఇది కొత్త పేరనుకోవచ్చు.

అసలుతో సరిచూడని నకలు

చివరి ఘట్టం 2024 నాటిది. ఎక్స్‌జెడ్ అనే కుదింపు యుటిలిటీని ఒక వ్యక్తి ఏళ్ళ తరబడి దాదాపు ఒంటరిగా నిర్వహిస్తూ వచ్చారు. జియా టాన్ అనే పేరుతో ఒకరు సహాయకునిగా చేరి, 2021 నుండి ఓపికగా పనిచేసి నమ్మకం సంపాదించి, అధికారం చేజిక్కించుకున్నారు. ఆ పేరు వెనుక ఉన్న అసలు మనిషి ఎవరన్నది బయటపడలేదు. అతడు దూరపు యంత్రాలలోకి దొడ్డిదారి తెరిచే ఆజ్ఞలను అందులో దాచాడు.

ఎంత ఉపాయంగా దాచాడంటే, అందరూ చదివే మూలప్రతి పైకి శుభ్రంగానే కనబడుతుంది. విషపు మూట పరీక్షల కొరకు పెట్టిన ఫైళ్ళలో, మామూలు కంటికి అర్థం కాని రూపంలో ఉంది. దానిని విప్పే పంక్తులు మాత్రం పంపిణీ చేసిన కట్టలో మాత్రమే ఉన్నాయి. అంటే అసలు ఒకటి, నకలు ఇంకొకటి. మూలప్రతిలో గ్రెప్ ఎంత వెదికినా ఆ పంక్తులు దొరకవు. నకలు క్రింద ‘అసలుతో సరిచూడబడినది’ అని వ్రాసి పొట్టి సంతకం చేసే మన పాత ఆచారం ఎంత విలువైనదో ఇక్కడ తెలుస్తుంది.

దీనిని పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. తన యంత్రంలోకి ప్రవేశించడానికి మామూలు కంటె సుమారు అర సెకను ఎక్కువ పడుతున్నదని గమనించారు. అర సెకనే కదా అని వదలలేదు. కారణం వెదుకుతూ వెళ్ళి గుట్టు విప్పి, 2024 మార్చి 29న లోకానికి ప్రకటించారు. అప్పటికి ఆ ప్రతి చాలా యంత్రాలకు చేరలేదు గనుక పెద్ద ఆపద తప్పింది.

మనం గ్రహించవలసినది

ఈ యాభై ఏళ్ళ చరిత్ర అంతా కలిపి చూస్తే నాకు తోచినది ఒక్కటే. తలుపు మూసి ఉంచిన దస్త్రం మనకు ఉపయోగపడదు. తలుపు తెరిచినంత మాత్రాన దస్త్రం తనంత తాను కాపలా కాయదు. దానికి సూచిక వ్రాసేవారు కావాలి, నకలును అసలుతో సరిచూసేవారు కావాలి, అర సెకను తేడాను పట్టించుకునేవారు కావాలి. బర్కిలీలో ముగ్గురు కూర్చున్నారు గనుక 18,000 ఫైళ్ళు నిలిచాయి. ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. వద్ద కూర్చునేవారు లేరు గనుక రెండేళ్ళు ముప్పు పొంచి ఉంది.

ఇందులో మన వంతు కూడా ఉన్నది. పింఛను చెల్లింపు ఉత్తర్వు, ఆధార్, బ్యాంకు పుస్తకం మూడింటిలోనూ మీ పేరు, పుట్టిన తేదీ ఒకే విధంగా ఉన్నవేమో ఒకసారి పక్కపక్కన పెట్టి సరిచూసుకోండి. జీవిత భాగస్వామి పేరు విషయంలో మరీ ముఖ్యం. కుటుంబ పింఛను అవసరమైన నాడు దిద్దుకునే ఓపిక ఆ ఇంట్లో ఎవరికీ ఉండదు. ఫోనులో సవరణ వచ్చిందని చూపితే, ఇంట్లో పిల్లలను అడిగి వేయించుకోండి. అది ఎక్కడో ఒకరు రాత్రింబవళ్ళు వెదకి దిద్దిన తప్పు కావచ్చు.

రామకృష్ణాపూర్, మందమర్రి, శ్రీరాంపూర్, గోదావరిఖనిలలో ఇంజనీరింగు చదువుతున్న మన మనవలు, మనవరాళ్ళు ఎందరో ఉన్నారు. వారికి ఒక మాట చెప్పండి. కొత్తది వ్రాసేవారికి పేరు వస్తుంది, వ్రాసి ఉన్నదానిని ఓపికగా చదివేవారి వల్ల లోకం నడుస్తుంది. రోజుకొక పుట చొప్పున ఏదైనా ఒక బహిరంగ లైబ్రరీని చదవమనండి. అర్థం కాని పంక్తి దగ్గర ఆగి, ఎందుకని అడగమనండి. ఆ ప్రశ్న అడగడానికి జీతం అక్కరలేదు, ఎవరి అనుమతీ అక్కరలేదు.



– ఒక విశ్రాంత యు.డి.సి., రామకృష్ణాపూర్